పాత టైల్స్ పగలగొట్టాలా, వాటి మీదే కొత్తవి వేయాలా?

పగలగొట్టడమంటే ఇల్లంతా దుమ్ము, చెవులు చిల్లులు పడే చప్పుడు. అందుకే చాలామంది పాతవాటి మీదే వేయిస్తారు. పని త్వరగా అవుతుంది, మోయాల్సిన చెత్తా ఉండదు. కాకపోతే ముందు ఒక నాణెంతో ప్రతి టైల్‌నీ తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అడుగున పట్టు లేదన్నమాట. అలాంటివి ఒకటీ రెండూ అయితే తీసేసి ఆ గుంట పూడ్చుకోవచ్చు. గదంతా అలాగే మోగితే మాత్రం పగలగొట్టాల్సిందే.

నున్నటి టైల్ మీద మామూలు సిమెంటు పట్టదు. దాన్ని గరుకు చేసి, టైల్ మీద టైల్‌కు పనికొచ్చే అడ్హెసివ్ వాడాలి. నేల ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తుంది. తలుపు కింద కోయించాలి, గుమ్మం దగ్గర మెట్టు తేలుతుంది. గోడకైతే ఈ బెడద తక్కువే, స్విచ్ బోర్డులు, కుళాయిలు కాస్త లోపలికి పోతాయంతే.

బాత్‌రూమ్ విషయంలో నేను రాజీ పడను. కింది గది సీలింగ్‌లో చెమ్మ మరక కనిపిస్తుంటే, ఎంత దుమ్మైనా సరే, పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వాలు సరిచూసుకున్నాకే టైల్స్ వేయించండి.