సీడీ అట్ట మీద తెలుగు: రామభద్ర మేలా, మండలి మేలా?

త్యాగరాజ ఆరాధనకి మా సంగీత బృందం పంచరత్న కీర్తనల సీడీ వేయించింది. అట్ట పని నా నెత్తిన పడింది. మెరూన్ మీద సన్నటి బంగారు రంగు అక్షరాలు పెట్టాను. కంప్యూటర్‌లో చూస్తే పెళ్లి శుభలేఖలా కళకళలాడింది. ప్రెస్సు నుంచి పెట్టెలు వచ్చాక మా పిన్ని ఒకటి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, "ఇదేంట్రా, సాదించెనే అని వేశావు?" అంది. నేను టైప్ చేసింది 'సాధించెనే' నే. ధ కింది గీతను మెరూన్ ఇంకు మింగేసింది. 'దుడుకు గల'లో ద ఏదో డ ఏదో తేల్చడానికి ఆవిడకి ఇంకాసేపు పట్టింది.

అప్పటినుంచి ఫాంట్‌ని సీడీ పేరు వేసే చోట కాకుండా పాటల పట్టికలో పెట్టి చూసి ఎంచుకుంటున్నాను.

రామభద్ర, మండలి అనే తెలుగు ఫాంట్లు రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ముందు అట్ట 12 సెంటీమీటర్ల చదరం. దాని మీద 'పంచరత్న కీర్తనలు' అని రెండు వరుసల్లో వేయాలంటే రామభద్రకి తిరుగులేదు. దిట్టంగా, దూరానికి కూడా కనబడుతుంది. అదే ఫాంట్‌ని వెనక ఇన్‌లే కార్డు (పెట్టె వెనక పాటల పట్టిక ఉండే కాగితం) మీద 8 పాయింట్లకి దించితే అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి, వత్తులు ముద్దవుతాయి. అక్కడ మండలి మేలు. గీత మరీ లావు కాదు, మరీ సన్నం కాదు. గౌళ, ఆరభి, వరాళి లాంటి రాగాల పేర్లన్నీ తేటగా చదవొచ్చు. ఇంగ్లీషుకి 7 పాయింట్లు చాలినచోట తెలుగుకి కనీసం 9 ఇస్తాను. గుడులు పైకి, వత్తులు కిందకి పోతాయి కాబట్టి వరుసల మధ్య జాగా కూడా ఎక్కువే కావాలి. చోటు చాలకపోతే ఐదు కీర్తనలకీ 'ఆది తాళం' అని ఐదుసార్లు రాయకుండా పైన ఒక్కసారి రాస్తే సరి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. వరల్డ్ రెడీ లేఔట్ అనే సెట్టింగు ఆన్ చేసి చూడండి.

రంగుల్లో అందరికీ ముందు తోచేది పసుపు, కుంకుమ. శుభప్రదమే కానీ పచ్చి పసుపు మీద పచ్చి ఎరుపు పెడితే కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) 3.7 దగ్గరే ఆగుతుంది. చిన్న అక్షరాలకి వెబ్ ప్రమాణాలు అడిగేది 4.5. ఎరుపుని మెరూన్ దాకా ముదిరిస్తే అదే పసుపు మీద 10 దాటుతుంది. ఇవి స్క్రీన్ లెక్కలు, కాగితం మీద అంతే రాదు. మెరూన్ మీద మీగడ రంగు అక్షరాలు, మీగడ మీద మెరూన్ అక్షరాలు, లెక్కలో రెండూ ఒకటే. ప్రెస్సులో కాదు. మొదటిదాంట్లో చుట్టూ ఉన్న ఇంకు అక్షరంలోకి పాకి గీతని తినేస్తుంది. అందుకే పట్టికకి నా ఓటు మీగడ మీద మెరూన్‌కే. అంతకన్నా క్షేమం కావాలంటే ఒక్క నలుపు ఇంకు. నాలుగు ఇంకులు కలిసి అచ్చేసే అక్షరం ఒక్క ఇంకు కాస్త జరిగినా అంచు చెదిరిపోతుంది.

బంగారమా? మామూలు నాలుగు రంగుల అచ్చులో అది ఆవపిండి రంగుగా వస్తుంది. నిజమైన మెరుపు కావాలంటే విడిగా మెటాలిక్ ఇంకు గానీ ఫాయిల్ (మెరుపు రేకు) గానీ చెప్పాలి, ఖర్చు వేరే. ఖర్చు పెట్టినా దాన్ని సీడీ పేరు వరకే వాడండి. దీపం కింద మెరిసేదాన్ని చదవడం కష్టం.

ఫైల్ పంపేముందు వంద శాతం సైజులో ప్రింట్ తీసి, కత్తిరించి, ఖాళీ సీడీ పెట్టెలో దూర్చి చూడండి. స్క్రీన్ మీద జూమ్ చేసి మురిసిపోతే నా గతే.

ఫోన్ యాప్‌ల కోసం మాత్రం వేరే బొమ్మ చేసుకోవాలి. పాటల జాబితాలో అది గోరంతే కనబడుతుంది. అక్కడ మండలికి పని లేదు. రామభద్రలో 'పంచరత్నాలు' అని ఒక్క మాట వేసి వదిలేయండి, గాయకుల పేర్లు పక్కన యాప్ ఎలాగూ చూపిస్తుంది.