పాత స్టాంపుల పళ్ళు కొలవడానికి ఇన్‌స్టాంటా గేజ్ ఎలా ఉంది?

స్టాంపుల కాటలాగులు వేసే ఇంగ్లండ్ సంస్థ స్టాన్లీ గిబ్బన్స్ వాళ్ళ ఇన్‌స్టాంటా చూడ్డానికి మామూలు ప్లాస్టిక్ పలకే. అవతల కనిపించే పలక మీద ఏటవాలు గీతలు ఒక చివర దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉంటాయి. పని మాత్రం వరసలుగా చుక్కలు అచ్చేసిన మామూలు చుక్కల గేజ్ కంటే బాగా చేస్తుంది.

స్టాంపు అంచు చిల్లుల లెక్కను పెర్ఫరేషన్ అంటారు. పెర్ఫరేషన్ 14 అంటే 2 సెంటీమీటర్ల పొడవులో 14 చిల్లులు. చుక్కల గేజ్‌లో 13, 13½, 14 అని విడివిడి వరసలే ఉంటాయి కాబట్టి 13.7 ఉన్న స్టాంపు ఏ వరసలోనూ సరిగ్గా కూర్చోదు. ఇన్‌స్టాంటాలో పదో వంతు వరకూ చదవొచ్చు. గిబ్బన్స్ కాటలాగులో పాత స్టాంపులకు ఎక్కువగా దగ్గరి అరకు సవరించిన అంకెలే ఉంటాయి కాబట్టి మీకు 13.7 వస్తే 13½ కింద, 13.8 వస్తే 14 కింద వెతకండి. 13½×14 అని ఉంటే ముందు అంకె పై, కింది అంచులది, రెండోది పక్క అంచులది. ఆరో జార్జి కాలపు మన స్టాంపుల్లో ఇది తరచూ తగులుతుంది.

వాడే పద్ధతి ఇది. స్టాంపును నల్ల కాగితం మీద పెట్టి, పైన గేజ్ ఆనించండి. ఎడమ పక్క నిలువు గీతను మొదటి పంటి కొసకు తగిలించి, గేజ్‌ని వంకర పోనివ్వకుండా పైకీ కిందికీ జరపండి. గీతలన్నీ పంటి కొసల మీద పడ్డచోట అంకె చదవండి. మొదటి ఐదారు పళ్ళు కలవగానే ఆపేయడమే అందరూ చేసే తప్పు. 20 మిల్లీమీటర్ల అంచులో 13½కీ 14కీ మొత్తం తేడా అర చిల్లే. అది బయటపడేది చివరి పళ్ళ దగ్గరే. ప్లాస్టిక్‌కి మందం ఉంది కనుక కన్ను సరిగ్గా పైనే ఉండాలి, పక్కనుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది. నీళ్ళలో నానబెట్టి తీసిన స్టాంపును తడి మీద కొలవద్దు, కాగితం సాగి ఉంటుంది.

దీని అసలు లాభం కవర్ మీద అతికి ఉన్న స్టాంపు దగ్గర తెలుస్తుంది. రేకు గేజ్‌నీ అట్ట గేజ్‌నీ స్టాంపు కింద దూర్చలేం, దీన్ని పైన ఆనిస్తే చాలు. 

మన దగ్గర దీనికి పని పెట్టేవి నిజాం స్టాంపులు. హైదరాబాద్ సంస్థానం మొదటి స్టాంపు 1869లో వచ్చిన ఒక అణా. 1871 నుంచి వచ్చిన ‘స్కెలిటన్’ అనే డిజైన్ రకంలో 11½, 12½ రెండూ ఉన్నాయి, కాటలాగులో వేర్వేరు నంబర్లు. 11½ గరుకుగా చిల్లు పడి, పళ్ళు చినిగి ఉంటుంది కాబట్టి ఒక్క అంచు చూసి తేల్చొద్దు. నాలుగు అంచులూ కొలిచి, బాగా ఉన్న అంచు అంకెనే నమ్మండి. ఇంగ్లండ్ పెన్నీ రెడ్‌లో (ఎర్రటి ఒక పెన్నీ స్టాంపు) పని తేలిక: 1854లో 16, మరుసటి ఏడాది నుంచి 14. చిల్లులు మరీ దగ్గరై షీట్లు చేతిలోనే విడిపోతుంటే మార్చారు.

నెట్‌లో ఉచితంగా దొరికే గేజ్‌ని ప్రింట్ తీసుకోవడం మాత్రం వద్దనే చెప్తాం. ప్రింటర్ ‘ఫిట్ టు పేజ్’లో 97 శాతానికి కుదిస్తే అసలు 14 ఉన్నది 13.6గా చదువుతుంది, మీరు హాయిగా 13½ అని రాసేసుకుంటారు. తీసుకోక తప్పకపోతే ముందు స్కేలు పెట్టి 2 సెంటీమీటర్లు సరిపోతున్నాయో లేదో చూడండి.

గేజ్‌కి అందనిది ఒకటుంది: తిరిగి కొట్టిన పళ్ళు. చిల్లులు లేని అంచుకు తర్వాత చిల్లులు కొడితే అంకె సరిగ్గానే రావచ్చు. అప్పుడు ఎదురెదురు అంచులను భూతద్దంలో పోల్చండి. ఒకవైపు పళ్ళు చింపిన కాగితంలా నూగుగా ఉండి, రెండోవైపు కత్తిరించినట్టు నున్నగా ఉన్నా, స్టాంపు వెడల్పు అదే రకం మిగతా స్టాంపుల కంటే మిల్లీమీటరు తక్కువున్నా కొనకండి.