క్లచ్ మార్చాక గేర్లు పడని వ్యాగన్ఆర్: ఆటోనగర్ షెడ్డులో అందిన సేవపై సమీక్ష

మా 2014 నాటి పెట్రోల్ వ్యాగన్ఆర్ 94,000 కిలోమీటర్లు తిరిగాక క్లచ్ ప్లేటు అరిగిపోయింది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతున్నా బండి వేగం పెరగకపోవడం, దిగేసరికి కాలిన వాసన రావడం చూసి, ఇంటికి దగ్గరలో ఉన్న ఒక వర్క్‌షాపులో 7,800 రూపాయలకు క్లచ్ సెట్టు మొత్తం, అంటే ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు, దాన్ని ఇంజన్ వైపు అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టును వదిలించే రిలీజ్ బేరింగ్ మూడూ మార్పించాను. అరిగిన వస్తువును మార్చడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. కొత్త సెట్టు పడిన మూడో రోజు నుంచి మొదలైన బాధల గురించి, వాటి మూలాన్ని పట్టుకుని సరిచేసిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డు గురించి రాయాలనే ఈ సమీక్ష. షెడ్డు నడిపే మేస్త్రీ గారు తన పేరూ నంబరూ ఎక్కడా రాయవద్దని కోరారు, ఇప్పటికే చేతి నిండా పని ఉన్నదట. ఆయన మాట మన్నించి పేరు వదిలేస్తున్నాను. పనిచేసిన తీరును మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే క్లచ్ మార్చాక ఇటువంటి ఇబ్బంది పడేవారికి ఏ షెడ్డుకు వెళ్లినా ఏమి అడగాలో, ఏమి చూడాలో తెలియడం అవసరం.

మొదటి ఇబ్బంది రివర్స్ గేరుతో వచ్చింది. క్లచ్ పెడల్‌ను నేల దాకా తొక్కి పట్టినా రివర్స్ వేయగానే గరగరమని పళ్లు రాసుకునే చప్పుడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మొదటి గేరు పడాలంటే లీవరును బలంగా నెట్టవలసి వచ్చేది, కొన్నిసార్లు అసలు పడేదే కాదు. వర్క్‌షాపు వారికి చూపిస్తే, కొత్త ప్లేటు కాబట్టి బిగుతుగా ఉంటుందని, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుందని చెప్పి పంపారు. మళ్లీ వెళ్లి గట్టిగా అడిగితే పెడల్‌ను క్లచ్‌కు కలిపే వైరును బాగా బిగించారు. గేర్లు కొంత మెరుగ్గా పడ్డాయి కానీ, నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పాత జబ్బు తిరిగి వచ్చినట్లు ఇంజన్ మోత ఒక్కటే పెరగడం మొదలైంది. కాలు తీసేసినా బేరింగ్ గుయ్యిమంటూనే ఉండేది. వైరు వదులు చేస్తే గేరు పడదు, బిగిస్తే క్లచ్ జారుతుంది. ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ 620 కిలోమీటర్లు నడిపాను. అన్ని కిలోమీటర్లు నడపకుండా ఉండవలసిందని తరువాత తెలిసింది.

ఆటోనగర్ మేస్త్రీ గారి దగ్గర నాకు మొట్టమొదట నచ్చిన విషయం, బండి షెడ్డులోకి రాగానే ఆయన స్పానరు పట్టకపోవడం. ముందు నా చేత లక్షణాలన్నీ వరుసగా చెప్పించుకున్నారు. గేర్‌బాక్స్ దించకుండా చేసే పరీక్షకు 300 రూపాయలని, దించవలసి వస్తే ఆ మొత్తాన్ని కూలీలో మినహాయిస్తానని ముందే చెప్పారు. ఇంజన్ ఆపి అయిదు గేర్లూ, రివర్సూ వేసి చూశారు, అన్నీ వెన్నలో వేలు పెట్టినట్లు పడ్డాయి. ఇంజన్ నడుస్తుండగా మాత్రమే గేరు పడకపోతే తప్పు గేర్‌బాక్స్ లోపల కంటే క్లచ్ సరిగా విడవకపోవడంలో, అంటే పెడల్ తొక్కినా ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య బంధం పూర్తిగా తెగకపోవడంలో, ఉండే అవకాశమే ఎక్కువని, ఇంజన్ ఆపినా గేరు పడకపోతే అప్పుడు లీవరు నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుళ్లనూ, వాటి బుష్‌లనూ, ఆపైన గేర్‌బాక్స్ లోపలి భాగాలనూ అనుమానించాలని వివరించారు. క్లచ్ మార్చేటప్పుడు ఆ కేబుళ్లను కూడా ఊడదీస్తారు కాబట్టి వాటి క్లిప్పులు సరిగా కూర్చున్నాయో లేదో కూడా చేత్తో తడిమి చూశారు.

తరువాతి పరీక్ష నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. ఇంజన్ నిలకడగా నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయమన్నారు. క్లచ్ పూర్తిగా విడిస్తే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు ఆ కొద్ది సెకన్లలో తిరగడం ఆపేస్తుంది, రివర్స్ చప్పుడు లేకుండా పడుతుంది. లెక్కపెట్టి వేసినా గరగరమన్నదంటే ప్లేటు ఇంకా ఎక్కడో రాసుకుంటూ షాఫ్టును తిప్పుతూనే ఉందన్నమాట. మా బండి గరగరమన్నది. ముందుకు నడిపే గేర్లకు సింక్రో రింగులు ఉంటాయి. అవి గేరు పడేటప్పుడు కలవవలసిన రెండు భాగాల వేగాన్నీ రాపిడితో సమం చేస్తాయి కాబట్టి ఈ లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చుతాయి. ఇటువంటి చిన్న కార్లలో రివర్సుకు సాధారణంగా సింక్రో ఉండదు కనుక రోగం అక్కడే ముందు బయటపడుతుంది. అందుకే, వెయ్యి కిలోమీటర్లు ఓపిక పట్టమన్న సలహా నాకు ఇప్పుడు ప్రమాదకరంగా కనిపిస్తున్నది. కొత్త ప్లేటు కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పట్టడం నిజమే, కదిలేటప్పుడు కొద్దిగా వణుకు ఉంటే అది ఆ సమయంలో తగ్గవచ్చు కూడా. క్లచ్ విడవకపోవడం మాత్రం తిరిగితే తగ్గే జబ్బు కాదు. విడవని క్లచ్‌తో గేరు వేసిన ప్రతిసారీ అరిగేది సింక్రో రింగులే. అవి పోతే గేర్‌బాక్స్‌నే విప్పాలి, దాని ఖర్చు క్లచ్ సెట్టుతో పోల్చదగినది కాదు.

ఆ తరువాత బయటి నుంచి చూడగలిగినవన్నీ చూశారు. సహాయకుడి చేత పెడల్ తొక్కించి, బానెట్ కింద గేర్‌బాక్స్ మీద ఉన్న క్లచ్ లీవరు ఎంత కదులుతున్నదో గమనించారు. మా బండికి క్లచ్ వైరుతో పనిచేస్తుంది, హైడ్రాలిక్ కాదు. హైడ్రాలిక్ ఉన్న బండ్లలో అయితే ఈ దశలో ఆయిల్ మట్టం, లీకులు, గొట్టంలో మిగిలిపోయిన గాలి చూడాలట. మా పాత వైరును వర్క్‌షాపు వారు మార్చలేదు. దాని లోపలి తీగ పెడల్ వైపు చివర రెండు మూడు పోగులు తెగి ఉన్నది, అంటే కాలు తొక్కినంత మేర కదలిక అవతలి కొసకు చేరడం లేదు. కొత్త వైరు 480 రూపాయలు. అది వేసి, పెడల్ పైభాగంలో ఉండవలసిన ఖాళీ కదలికను మాన్యువల్లో ఇచ్చిన కొలతకు స్కేలుతో కొలిచి సరిచేశారు. ఆ ఖాళీ బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును నొక్కుతూనే ఉంటుంది, అందుకే బిగించినప్పుడు క్లచ్ జారిందని, బేరింగ్ కూసిందని చెప్పారు. కొత్త వైరుతో గేర్లు సగం బాగుపడ్డాయి. రివర్స్ మాత్రం ఇంకా గరగరమంటూనే ఉంది.

ఇక్కడ ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "మాస్టారూ, వైరుతో పోయేదైతే ఇక్కడితో పోవాలండి. వదులు చేస్తే గేరు పడక, బిగిస్తే జారుతున్నదంటే రోగం లోపల ఉంది. దించకుండా నేను అబద్ధం చెప్పలేను." దించడానికి నన్ను ఒప్పించే ప్రయత్నమేమీ చేయలేదు. రాత్రికి ఆలోచించుకుని పొద్దున చెప్పమన్నారు. దించే ముందు మరొక్కటి మాత్రం చూశారు, గేర్ ఆయిల్ మట్టం. నింపే రంధ్రం బోల్టు విప్పితే ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. మా దాంట్లో వేలు లోపలికి పెట్టినా తడి తగలలేదు. క్లచ్ మార్చాలంటే చక్రాలకు వెళ్లే డ్రైవ్ షాఫ్టులు పీకాలి, అలా పీకినప్పుడు ఆయిల్ కారిపోతుంది. కారిన ఆయిల్‌ను తిరిగి పూర్తిగా నింపలేదన్నమాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించినది ఇదే. మిగిలిన పొరపాట్లు చేతి తప్పులని సరిపెట్టుకోవచ్చు, ఇది మాత్రం చేయవలసిన పనిని మధ్యలో వదిలేయడం.

మర్నాడు గేర్‌బాక్స్ దించేటప్పుడు నన్ను పక్కనే నిలబడి చూడనిచ్చారు. నిజానికి ఆయనే పిలిచి చూపించారు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య రెండూ కచ్చితంగా ఒకే గీతలో కూర్చోవడానికి ఉండే రెండు డోవెల్ పిన్నులలో ఒకటి లేదు. బోల్టులు బిగుతుగానే ఉన్నాయి కానీ, పిన్ను లేనందువల్ల గేర్‌బాక్స్ వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నదని, షాఫ్టు మీద ప్లేటు నిటారుగా జారకుండా పట్టేస్తున్నదని చెప్పారు. ప్లేటును తీసి షాఫ్టు మీద పెట్టి వేలితో తిప్పి చూపారు. అంచు ఒకచోట లోపలికి, మరొకచోట బయటికి ఊగుతున్నది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు జాకీ మీద నిలబెట్టకుండా, షాఫ్టు ప్లేటులోకి దూరగానే వదిలేస్తే ఆ బరువంతా ప్లేటు నడిమి భాగం మీద వేలాడుతుందట. అలా వంగిన ప్లేటును కంటితో చూస్తే తెలియదు, తిప్పితేనే తెలుస్తుంది. క్లచ్ విడిచినప్పుడు ప్లేటుకు ఇరువైపులా దొరికే ఖాళీ మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ప్లేటే వంగి ఉంటే ఆ ఖాళీని అదే మింగేస్తుంది, పెడల్ ఎంత తొక్కినా ఒక అంచు ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రానికి, రాసుకుంటూనే ఉంటుంది. అన్ని రోజుల అవస్థకూ కారణం ఒక ఉక్కు రేకు వంపు అని అక్కడ నిలబడి చూస్తే తప్ప నేను నమ్మేవాణ్ణి కాను.

ప్లేటు తిరగబడి పడిందేమోనని కూడా చూశారు. ఫ్లైవీల్ వైపు ఉండవలసిన ముఖం మీద ఆ మాట అచ్చువేసి ఉంటుంది, అది సరిగానే ఉంది. షాఫ్టు పళ్ల మీద గ్రీజు అతిగా పూసి ఉంటే తుడిచి, సన్నని పొర మాత్రం ఉంచారు. ఎక్కువైన గ్రీజు తిరిగే వేగానికి చిమ్మి ప్లేటు మీద పడితే మళ్లీ జారుడే. ఇంజన్ వెనుక ఆయిల్ సీలు పొడిగా ఉన్నది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ప్రెషర్ ప్లేటు బాగానే ఉందని, కొత్తది కొనవలసిన పని లేదని చెప్పి అదే వేశారు. కొనమని ఉంటే నేను మారు మాట్లాడకుండా కొనేవాడిని, ఆ సంగతి ఆయనకూ తెలుసు. బేరింగ్ మాత్రం వైరు బిగింపు వల్ల ఆగకుండా తిరిగి వేడెక్కిందని మార్చారు.

మొత్తం బిల్లు 6,300 రూపాయలు: కూలీ 2,800, క్లచ్ ప్లేటు 1,450, బేరింగ్ 620, వైరు 480, గేర్ ఆయిల్ 900, పాత సామాన్ల దుకాణంలో దొరికిన డోవెల్ పిన్ను 50. పరీక్షకు ఇచ్చిన 300 రూపాయలను చెప్పినట్లే కూలీలో తగ్గించుకున్నారు. తీసేసిన ప్రతి వస్తువునూ సంచిలో వేసి ఇచ్చారు. బండి ఇచ్చే ముందు ఇద్దరం కలిసి బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చాము. వాహనాల మధ్య ఆగుతూ కదులుతూ వెళ్లడం, ఎత్తు మీద ఆపి బయలుదేరడం, నాలుగో గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కడం అన్నీ నా చేతే చేయించారు. తిరిగి వచ్చాక బానెట్ తెరిచి, గేర్‌బాక్స్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ బోల్టును మళ్లీ ఒకసారి బిగించి చూశారు. ఆ పట్టీ వదిలేస్తే స్టార్టరు కరెంటు క్లచ్ వైరు గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుందని, కొత్తగా వేసిన వైరు నెలకే పట్టేసిన బండ్లను తాను చూశానని అన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. కూర్చోవడానికి నీడ తప్ప ఏమీ లేదు. బిల్లు చేతిరాతతో కాగితం మీద ఇస్తారు. ఆరు నెలల హామీ నోటిమాటే. ఒక్క రోజులో పూర్తవుతుందన్న పని రోజున్నర పట్టింది, పిన్ను వెతకడానికి ఒక పూట పోయింది. నాకు కొంత అసంతృప్తి మిగిల్చిన విషయం ఫ్లైవీల్. దాని మీద పాత ప్లేటు వేడికి పడిన నీలి మచ్చలు ఉన్నాయి. లేత్‌కు పంపి ముఖం చదును చేయించమని నేను అడిగితే, గీతలు లోతుగా లేవని, అక్కరలేదని చెప్పి ఎమరీ కాగితంతో రుద్ది వేసేశారు. ఇప్పటికి 3,800 కిలోమీటర్లు తిరిగాను. అయిదు గేర్లూ వేలితో నెట్టినట్లు పడుతున్నాయి, రివర్స్ చప్పుడు లేకుండా పడుతున్నది, ఫ్లైఓవర్ మీద జారడం లేదు. పొద్దున్నే చల్లని ఇంజన్‌తో మొదటి గేరులో కదిలేటప్పుడు మాత్రం చిన్న వణుకు ఉంది, రెండు మూడు సార్లు ఆగి కదిలాక పోతుంది. లేత్‌కు పంపి ఉంటే అదీ ఉండేది కాదని నా అభిప్రాయం. దించినప్పుడే చేయించుకోవలసిన పని అది, దాని కోసమే మళ్లీ దించడం దండగ. ఇది చదివినవారు తమ వంతు వచ్చినప్పుడు ఆ ఒక్క విషయంలో పట్టుబట్టమని కోరుతున్నాను.

షెడ్డు ఆదివారం మూసి ఉంటుంది, మిగిలిన రోజుల్లో తొమ్మిదిన్నర తరువాత వెళ్లాలి. నగదు గానీ ఫోన్ ద్వారా గానీ చెల్లించవచ్చు, కార్డు తీసుకోరు. క్లచ్ మొదటిసారి ఎక్కడ మార్పించారో, ఏ భాగాలు వేశారో తెలిపే బిల్లు దగ్గర ఉంటే వెంట తీసుకెళ్లండి, ఆయన ముందుగా అడిగేది అదే.