‘మందులేమీ వాడటం లేదండీ’: ఎర్ర ఈస్టు బియ్యం మాత్రలతో రెండున్నరేళ్లు

కొలెస్టరాల్ తగ్గడానికి వేసుకునే ఈ ఎర్ర ఈస్టు బియ్యం మాత్రలు పనిచేస్తాయి. ఆ మాట ముందే చెప్పాలి, నా కోపమంతా అక్కడే మొదలవుతుంది. పనిచేయని సరుకైతే డబ్బు పోయిందనుకుని ఊరుకునేదాన్ని. ఇవి మందులా పనిచేస్తాయి, మందులాగే దెబ్బ తీస్తాయి, సీసా మీద మాత్రం ‘సహజ ఆహార పూరకం’ అని ఉంటుంది.

మొదలుపెట్టినప్పుడు నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగిపోయాక చాలామందిలో చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది, నాకూ పెరిగింది. ఆ చెడు కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, 164 వచ్చింది. మా నాన్నగారు 58వ ఏట గుండెపోటుతో పోయారు కాబట్టి కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెడదామని డాక్టరు అన్నారు. నేను మూడు నెలలు గడువు అడిగాను. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానకూడదని, కండరాలు పట్టేస్తాయని ఎక్కడెక్కడో విన్న మాటలన్నీ ఆ రోజు గుర్తొచ్చాయి. ఆ గడువులోనే ఈ మాత్రలు చేతికి వచ్చాయి. రాత్రి భోజనం తర్వాత రెండేసి, ఒక్కోటి 600 మిల్లీగ్రాములు.

పేరు చూసి వండుకు తినే ఎర్ర బియ్యమని పొరబడేవాళ్లు ఉన్నారు. అది వేరు, ఇది వేరు. మామూలు బియ్యాన్ని మొనాస్కస్ పర్పురియస్ అనే బూజుతో పులియబెడితే గింజ ముదురు ఎరుపుకు తిరుగుతుంది. చైనాలో దీన్ని వంటలో రంగు కోసమూ వైద్యంలోనూ శతాబ్దాలుగా వాడుతున్నారు. ఆ పులియబెట్టిన బియ్యపు పొడే ఈ మాత్ర.

మూడు నెలలకు ఎల్‌డీఎల్ 126కు దిగింది. ఆ కాగితం పట్టుకుని నేను ఇల్లంతా తిరిగాను. డాక్టరు ‘ఏం చేశారు?’ అని అడిగితే ‘ఆహారం మార్చానండీ’ అన్నాను. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు. నా లెక్కలో ఇది ఆహారమే. మా చెల్లికీ పట్టుబట్టి చెప్పాను, మరుసటి నెల నుంచి తనూ మొదలుపెట్టింది.

రెండున్నరేళ్లు ఒక్క ఇబ్బందీ లేదు. తర్వాత ఒకసారి దగ్గు, జ్వరం వారం దాటినా తగ్గలేదు. మా డాక్టరు ఊళ్లో లేకపోవడంతో వేరే ఆయన దగ్గరికి వెళ్లాను. ఛాతీ పరీక్షించి, ‘రోజూ వేసుకునే మందులు ఏమైనా ఉన్నాయా?’ అని అడిగారు. ‘మందులేమీ వాడటం లేదండీ’ అన్నాను. ఆయన పద్ధతిగా అడిగారు, నేను నిజమనుకునే చెప్పాను. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, పూటకు 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు.

నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. అయిదో రోజున తొడలు బరువెక్కాయి. వారమంతా మంచం మీద ఉన్నాను కదా, నీరసమనుకున్నాను. ఆరో రోజు మెట్లెక్కుతుంటే సగంలో ఆగి కూర్చోవలసి వచ్చింది. అప్పుడు కూడా ‘ఆరోగ్యం పాడైన సమయంలో గుండెకు మంచి చేసేది ఎందుకు మానాలి’ అనుకుంటూ ఆ రాత్రి మాత్రలు రెండూ వేసుకున్నాను. ఏడో రోజు పొద్దున చేతులు ఊని నెట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేకపోయాను. భుజాలు కూడా పీకుతున్నాయి. మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది. ఆ రంగు గురించి చెప్పగానే మావారు ఇంకో మాట మాట్లాడకుండా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

రక్తంలో క్రియాటిన్ కైనేజ్ 6,240 ఉంది. కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే పదార్థం అది. మామూలుగా 200 లోపే ఉంటుంది. కండరాలు కరిగి ఆ వ్యర్థం మూత్రపిండాలకు అడ్డుపడే ప్రమాదం ఉందని చెప్పి వెంటనే సెలైన్ ఎక్కించారు. అక్కడున్న యువ వైద్యురాలు మందుల గురించి మళ్లీ అడిగింది, నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. ఆమె వదల్లేదు. ‘మందులు కాదమ్మా, ఇంట్లో సీసాలో ఉండే మాత్ర ఏదైనా సరే, పొడి అయినా సరే, కషాయమైనా సరే’ అంది. అప్పుడు చెప్పాను. ఆమె రాస్తున్న కలం ఆపి నా వైపు చూసింది. ‘మీరు రెండున్నరేళ్లుగా స్టాటిన్ వేసుకుంటున్నారు’ అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎర్ర ఈస్టు బియ్యంలో కొలెస్టరాల్‌ను తగ్గించే ముఖ్య పదార్థం పేరు మొనాకోలిన్ కె. లోవాస్టాటిన్ అనే మందు, ఇదీ ఒకే అణువు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1979లో దీన్ని మొనాస్కస్ బూజు నుంచి వేరుచేశారు. లోవాస్టాటిన్ మందును మరో బూజు నుంచి తీశారు, అమెరికాలో 1987లో దానికి అనుమతి వచ్చింది. అంటే నేను భయపడి వద్దన్న మందూ బూజు నుంచి పుట్టిందే, నమ్మకంతో మింగిందీ బూజు నుంచి పుట్టిందే. తేడా ఒక్కటే. మందు డబ్బాలో ఎంత మోతాదు ఉందో, దేనితో కలపకూడదో రాసి ఉంటుంది. నా సీసా మీద ఆ రెండూ లేవు.

కలపకూడని వాటిలో క్లారిత్రోమైసిన్ ముందు వరుసలో ఉంది. ఈ అణువును శరీరంలో విరిచేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. ఆ యాంటీబయాటిక్ ఆ ఎంజైమును కట్టేస్తుంది. అప్పుడు రోజూ వేసుకునే చిన్న మోతాదే రక్తంలో పేరుకుని ఎన్నో రెట్ల మోతాదుతో సమానమవుతుంది. కొన్ని ఫంగస్ మందులతోనూ, గ్రేప్‌ఫ్రూట్ రసంతోనూ ఇదే చిక్కు. జ్వరంలో కూడా మానకుండా వేసుకున్న నా క్రమశిక్షణే నాకు హాని చేసింది.

ఇంటికి వచ్చాక సీసా తిప్పి తిప్పి చూశాను. బియ్యపు పొడి ఎన్ని మిల్లీగ్రాములో ఉంది, అందులో మొనాకోలిన్ కె ఎంతో లేదు. 2010లో అమెరికా పరిశోధకులు ఇలాంటి 12 ఉత్పత్తులను పరీక్షిస్తే ఒక్కో గుళికలో అది 0.10 నుంచి 10.09 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఒకే పేరు, వంద రెట్ల తేడా. వాటిలో నాలుగింటిలో సిట్రినిన్ అనే బూజు విషం కూడా ఉంది, అది మూత్రపిండాలకు హాని చేస్తుందని జంతువుల్లో తేలింది. ఐరోపా సమాఖ్య 2022లో రోజు మోతాదులో మొనాకోలిన్లు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని, కొలెస్టరాల్ మందులతో కలిపి వాడవద్దన్న హెచ్చరిక ముద్రించాలని నిబంధన తెచ్చింది. అలాంటి ఒక్క వాక్యం నా సీసా మీద ఉండి ఉంటే ఆ డాక్టరు ప్రశ్నకు నా జవాబు వేరుగా ఉండేది. ఈ విషయంలో తయారీదారును నేను క్షమించలేకపోతున్నాను.

మూడు రోజుల తర్వాత ఇంటికి పంపారు. మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. కండరాల నొప్పి పూర్తిగా పోవడానికి అయిదు వారాలు పట్టింది.

పైన చెప్పిన 126 గురించి కూడా ఒక మాట. ఆ మూడు నెలల్లోనే నేను నాలుగు కిలోలు తగ్గాను, వేపుళ్లు మానేశాను, రోజూ ఇసబ్‌గోల్ మొదలుపెట్టాను. ఇసబ్‌గోల్‌లోని కరిగే పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది, కాలేయం కొత్త పైత్యరసం తయారుచేయడానికి రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఆ తగ్గుదలలో కొంత దానిదీ అయి ఉంటుంది. మాత్రల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. అప్పట్లో మాత్రం ఘనతంతా మాత్రలకే కట్టబెట్టాను.

ఇసబ్‌గోల్ ఇప్పటికీ వదల్లేదు. గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, మిగతా మందులకూ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఓట్స్ తింటున్నాను, అందులోని బీటా గ్లూకాన్ అనే పీచుదీ ఇదే పని. వెల్లుల్లి మాత్రలు ఆరు నెలలు వాడినా నా రక్త పరీక్షలో ఏ మార్పూ కనిపించలేదు, మానేశాను.

ఆసుపత్రి మంచం మీద నుంచే చెల్లికి ఫోను చేశాను. తను రక్తపోటుకు డిల్టియాజెమ్ వాడుతోంది, అది కూడా అదే ఎంజైమును అడ్డుకునే మందు. ‘ఆ సీసా మూత మళ్లీ తీయకు, రేపే మీ డాక్టరుకు చూపించు’ అన్నాను. ‘నువ్వే కదా అక్కా వేసుకోమన్నావు’ అంది. నిష్ఠూరంగా అనలేదు, అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అదృష్టవశాత్తూ తనకు ఏమీ కాలేదు.

వీటిని ఎవరూ వాడవద్దని చెప్పను. డాక్టరుకు తెలిసి, మొనాకోలిన్ ఎంతో స్పష్టంగా రాసిన తయారీని, రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడుకునే వాళ్లకు ఇవి ఉపయోగపడవచ్చు. నాది తండ్రి వైపు నుంచి గుండెజబ్బు ఉన్న ఒళ్లు, వయసు 54. నాకు ఎంత వేసుకుంటున్నానో తెలియాలి. కండరాలు కుదుటపడ్డాక మా డాక్టరు ఆ ఎంజైము మీద పెద్దగా ఆధారపడని రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఎనిమిది నెలలైంది. ఎల్‌డీఎల్ 98, తొడల్లో నొప్పి లేదు. నా సంచిలో ఇప్పుడు ఒక చీటీ ఉంటుంది, నేను మింగేవన్నీ అందులో రాసుకున్నాను. మొదటి వరుసలో ఇసబ్‌గోల్ ఉంది.