డిగ్రీకి ఉన్న ఊరి కాలేజీ మేలా, హనుమకొండ మేలా?

ఏటా డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్ నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి నర్సంపేట, పరకాల, ములుగు వైపు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, బిడ్డను ఈడ్నే చేర్పియ్యాల్నా, హన్మకొండకు పంపాల్నా?" చిన్న పట్టణపు సర్కారు డిగ్రీ కాలేజీలోనూ, నగరంలోని పెద్ద కాలేజీలోనూ రసాయనశాస్త్రం బోధించిన అనుభవంతో నాకు తోచిన సమాధానం ఇక్కడ రాస్తున్నాను. ఇది ప్రధానంగా బీఎస్సీ చదవదలచిన వారి కోసమే. బీకాం, బీఏల లెక్క వేరు కాబట్టి వాటి గురించి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

హనుమకొండ పక్షాన చెప్పవలసినవి తక్కువేమీ కావు. 1927లో మొదలైన సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, స్వయంప్రతిపత్తి గల కాకతీయ ప్రభుత్వ కాలేజీ, ఆడపిల్లల కోసం పింగళి కాలేజీ అక్కడే ఉన్నాయి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటి సబ్జెక్టులతో కూడిన కాంబినేషన్లు కావాలంటే చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం అక్కడే ఉండడంతో పరిశోధక విద్యార్థులతో పరిచయాలు కలుగుతాయి, అప్పుడప్పుడు మంచి ఉపన్యాసాలు వినే వీలుంటుంది. ఆ వాతావరణంలో మూడేళ్లు గడిపిన పిల్లల మాటతీరులోనే ఒక ధైర్యం కనిపిస్తుందన్న మాటను నేను కాదనను.

అయినా బీఎస్సీ విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ప్రాక్టికల్స్. పిల్లవాడు పరికరాన్ని తన చేత్తో పట్టుకుంటున్నాడా, నలుగురి భుజాల మీదుగా చూసి రికార్డు నింపుతున్నాడా అన్నదే నా దృష్టిలో తేల్చే అంశం. లవణ విశ్లేషణలో నైట్రేట్‌ను గుర్తించే పరీక్షనే తీసుకోండి. అప్పటికప్పుడు తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, పరీక్షనాళికను వంచి, గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా జారవిడిస్తే రెండు ద్రవాలు కలిసే చోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. నాళికను కదిపితే అది కాస్తా చెదిరిపోతుంది. ఫెర్రస్ సల్ఫేట్ నిన్నటిదైతే అసలు వలయమే రాకపోవచ్చు. ఈ రెండు సంగతులూ పుస్తకంలో ఉన్నవే, కానీ ఒకసారి వలయం రాక, మళ్లీ ద్రావణం తయారుచేసుకుని తెప్పించుకున్న విద్యార్థికి అవి ఎప్పటికీ గుర్తుంటాయి. ఒక్కో బ్యాచ్‌లో పదిహేను, ఇరవై మంది మాత్రమే ఉండే కాలేజీలో ఈ అవకాశం ప్రతి ఒక్కరికీ వస్తుంది. బెంచీ చుట్టూ గుంపుగా నిలబడవలసిన చోట చురుకైన ఇద్దరు చేస్తారు, మిగిలినవారు రీడింగులు రాసుకుంటారు. ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత తేల్చే టైట్రేషన్‌లోనూ అంతే: చివరి చుక్క దగ్గర బ్యూరెట్ స్టాప్‌కాక్‌ను ఎంత నెమ్మదిగా తిప్పాలో చూసి నేర్చుకోవడం కుదరదు.

దీనికి తోడు బస్సు సమస్య ఒకటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకపోవడంతో, హాస్టల్ ఖర్చు భరించలేని కుటుంబాలు కూడా ఇంటి నుంచే హనుమకొండకు పంపవచ్చునని అనుకుంటున్నాయి. డబ్బు విషయంలో అది నిజమే. అయితే నర్సంపేట నుంచి వరంగల్ సుమారు నలభై కిలోమీటర్లు. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లకు నర్సంపేట చేరడమే ఒక ప్రయాణం. ప్రాక్టికల్స్ సాధారణంగా మధ్యాహ్నం పూట ఉంటాయి. చివరి బస్సు దాటిపోతుందన్న భయంతో మూడు గంటలకే సంచి సర్దుకునే వారిలో దూరం నుంచి వచ్చే పిల్లలే ఎక్కువ. అంటే దేని కోసం అంత దూరం వెళ్తున్నారో దాన్నే వదులుకుని రావలసి వస్తుంది. హాస్టల్‌లో సీటు ఖాయంగా దొరికితే మాత్రం ఈ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటాను.

చిన్న కాలేజీలన్నీ బాగున్నాయని దీని అర్థం కాదు. అధ్యాపకుల ఖాళీలే వాటికి పెద్ద జబ్బు. సబ్జెక్టుకు రెగ్యులర్ అధ్యాపకుడు లేకపోతే, గెస్ట్ లెక్చరర్ వచ్చేదాకా మొదటి సెమిస్టర్‌లో సగం పాఠాలు నడవకపోవచ్చు. అందువల్ల సీటు కోసం ప్రయత్నించే ముందే ఒక మధ్యాహ్నం కాలేజీకి వెళ్లి, మీ మూడు సబ్జెక్టులకూ ఎవరెవరున్నారో అడగండి, ల్యాబ్ చూపించమనండి. రీజెంట్ సీసాల మీద చీటీలు చదవడానికి వీలుగా ఉన్నాయా, సింకు తడిగా ఉందా, బర్నర్లకు గ్యాస్ వస్తోందా చూస్తే చాలు. వాడుకలో ఉన్న ల్యాబ్‌కూ కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు మాత్రమే తెరిచే ల్యాబ్‌కూ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తాళంచెవి కోసం వెతుకులాట మొదలైతే ఇక అడగవలసిందేమీ ఉండదు, హనుమకొండకే వెళ్లండి.

పెద్ద కాలేజీలో చదివితేనే పీజీ సీటు వస్తుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. కాకతీయ, ఉస్మానియా సహా రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశాలు సీపీగెట్ ర్యాంకు మీద జరుగుతాయి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు రాసే ఆ పరీక్షకు మీరు ఏ ఊళ్లో డిగ్రీ చదివారన్నది అక్కరలేదు. మన పక్కనే ఉన్న వరంగల్ ఎన్ఐటీలో ఎంఎస్సీ చేయాలంటే జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే, ఫిబ్రవరిలో జరిగే ఆ పరీక్ష రాయవచ్చునని మన పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పరు. ఇరవై మంది ఉన్న తరగతిలో ఆ మాట చెప్పి, దరఖాస్తు దగ్గరుండి పెట్టించే అధ్యాపకుడు ఒక్కడుంటే చాలు. కాలేజియేట్ విద్యాశాఖ నిర్వహించే జిజ్ఞాస స్టడీ ప్రాజెక్టులు సర్కారు కాలేజీల్లోనే ఉంటాయి; ఊరి చెరువు నీటిని పరీక్షించి నివేదిక రాసే బృందంలో చోటు దక్కడం కూడా చిన్న తరగతిలోనే సులువు.

బీకాం కంప్యూటర్స్‌కైతే నేను హనుమకొండ వైపే మొగ్గుతాను; చదువుతూనే ఆడిటర్ దగ్గరో, దుకాణంలోనో లెక్కల పని నేర్చుకునే వీలు అక్కడ ఎక్కువ. బీఏ చదువుతూ గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారికి గ్రంథాలయాలే ప్రాణం కాబట్టి వారికీ నగరమే నయం. తెలుగు సాహిత్యం మీద మక్కువ ఉన్నవారికి 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం హనుమకొండలోనే ఉంది. ప్రైవేటు కాలేజీల విషయంలో ఒక్క మాట: ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదల కాలేదని సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపే చోట చేరకండి, ముందే సీనియర్లను వాకబు చేయండి. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

ఇక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు వరుస క్రమం జాగ్రత్త. పై ఆప్షన్‌లో సీటు వస్తే దాని కింద రాసినవేవీ పరిశీలనకు రావు. ల్యాబ్ చూసి నచ్చిన ఊరి కాలేజీని, ఎందుకైనా మంచిదని హనుమకొండ కాలేజీల కింద రాసి, ఆ తర్వాత బాధపడే కుటుంబాలను ప్రతి జూన్‌లోనూ చూస్తున్నాను. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే, అంటే ఆ సీటును ఖరారు చేసుకోకపోతే, ఆ సీటు రద్దవుతుంది. మీసేవలో రద్దీ ఉంటుంది కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి.