పీసీ గేమ్ డ్రాగన్స్ డాగ్మా 2 "ఒరిజినల్ కీ" 1,400కే అంటే నమ్మకండి (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయేవాళ్లు ముందు ఇది చదవండి)

షాపు పేరు రాయను. సీటీసీ ఉన్న పార్క్‌లేన్‌కి రెగ్యులర్‌గా పోయేవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. గేమ్ 2024 మార్చి 22 శుక్రవారం వచ్చింది, శనివారం మధ్యాహ్నానికల్లా కౌంటర్ మీద 1,400కి "ఒరిజినల్ స్టీమ్ కీ". ఆ రేటు వినగానే అనుమానం రావాలి. రాలేదు. ఇన్నేళ్ల అనుభవం కదా మరి.

కీ అంటే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ స్టీమ్‌లో మన అకౌంట్‌లో మనమే కొట్టుకునే కోడ్, కొట్టాక గేమ్ మన లైబ్రరీలోనే ఉండిపోతుంది. షాపువాడిచ్చింది చీటీ మీద ఒక ఐడీ, పాస్‌వర్డ్. లాగిన్ చేస్తే స్టీమ్ గార్డ్ కోడ్ (ఓటీపీ లాంటిది) వాడి ఫోన్‌కి పోతుంది. ఆ ఐదక్షరాలు వాట్సాప్‌లో పంపి, "ఒక్కసారి ఓపెన్ చేసి ఆఫ్‌లైన్ పెట్టేయ్ అన్నా, మళ్లీ ఆన్‌లైన్ పోకు" అన్నాడు. అంటే కొన్నది గేమ్ కాదు, పరాయి అకౌంట్‌లో అద్దెకు దిగడం.

ఈ గేమ్ డెనువో (కాపీ కాకుండా వేసే తాళం) తో వచ్చింది. రోజుకి 5 పీసీల్లోనే యాక్టివేట్ అవుతుందని స్టోర్ పేజీలోనే రాశారు. ఆరోవాడికి ఎర్రర్. రాత్రి అదే వచ్చింది. ఫోన్ చేస్తే తాపీగా, "రేపు పొద్దుగాల చెయ్ అన్నా, నీ ముందు ఇంకా మంది ఉన్నరు లైన్ల" అన్నాడు.

లైన్ల!

ఒకే అకౌంట్ ఎంతమందికి అమ్మాడో వాడి నోటితోనే చెప్పేశాడు, అదీ ఏ మాత్రం తడబడకుండా, రేషన్ షాపులో టోకెన్ ఇచ్చినట్టు. పైసలు వాపస్ అడిగితే ఇంకా అందం: "రేటింగ్ చూసే తీస్కున్నవ్ గదా? చూడు, అందరూ మంచిగనే ఇచ్చిన్రు. నడుస్తలేదంటే నీ పీసీ డబ్బా." విమర్శకుల మార్కులు కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్ స్క్రీన్‌షాట్ కూడా పంపాడు. నేను కొన్నదీ ఆ నంబర్ చూసే, కాబట్టి నోరు మూసుకున్నా.

ఆ నంబర్ అబద్ధం కాదు. విమర్శకుల సగటు 80 పైనే ఉంది. గ్రిఫిన్ వీపెక్కి గాల్లో వేలాడటం, ఫాస్ట్ ట్రావెల్ తక్కువ పెట్టి కాలినడకన తిప్పడం, పాన్‌లు (మన వెంట నడిచే, కంప్యూటర్ ఆడించే తోడు పాత్రలు), ఇవీ వాళ్లు మెచ్చుకున్నవి. అదే వారం స్టీమ్‌లో కొన్నవాళ్ల తీర్పు "మోస్ట్‌లీ నెగెటివ్". వాళ్లు తిట్టింది కథనో ఫైటింగ్‌నో కాదు. గేమ్‌లో పెద్ద ఊరు వెర్న్‌వర్త్‌లో అడుగుపెట్టగానే ఫ్రేమ్‌లు పడిపోయి బొమ్మ తడబడేది. ఊళ్లో తిరిగే జనం ఒక్కొక్కరి లెక్కా సీపీయూ మీదే పడుతోందని గేమ్ తయారుచేసిన క్యాప్‌కామే ఒప్పుకుంది. గ్రాఫిక్స్ లోలో పెట్టినా పెద్దగా లాభం లేనిది అందుకే. కనీసం ఐ5-10600 గానీ రైజెన్ 5 3600 గానీ కావాలి, అది కూడా సెకనుకి 30 ఫ్రేమ్‌లకి. దీనికి తోడు రిలీజ్ రోజే స్టోర్‌లో ప్రత్యక్షమైన పెయిడ్ ఐటెమ్‌లు. చచ్చినా లేపే వేక్‌స్టోన్లూ రూపం మార్చుకునే పుస్తకమూ గేమ్‌లోనే దొరుకుతాయి, అయినా జనానికి మండింది, మండాలి కూడా.

ఇక చీటీ అకౌంట్‌లో ఏం పోతుందో చూడండి. పాన్‌ల వ్యవస్థలో సగం మజా ఇంకొకళ్లు తయారుచేసిన పాన్‌ని తెచ్చుకోవడం, మన పాన్ వాళ్ల లోకానికి పోయి ఏదో నేర్చుకుని రావడం. ఆఫ్‌లైన్‌లో అది లేదు, కంపెనీ పెట్టిన పాన్‌లే దిక్కు. అంటే విమర్శకులు పొగిడిన గేమ్‌లో ఒక ముక్క ముందే కోసేసి అమ్ముతున్నారు.

పొద్దున యాక్టివేషన్ కోసం నెట్ ఆన్ చేస్తే, ఆ అకౌంట్‌లో ఇంతకుముందు ఆడినవాళ్ల ఆట (క్లౌడ్ సేవ్) దిగింది. మెనూలో కంటిన్యూ నొక్కితే ఎవడిదో ఆర్చర్, లెవల్ 20 దాటింది. ఈ గేమ్‌కి సేవ్ స్లాట్ ఒక్కటే, న్యూ గేమ్ అనే బటనే అప్పటికి పెట్టలేదు. మొదట్నుంచి ఆడాలంటే క్లౌడ్ ఆపి, స్టీమ్ యూజర్‌డేటా ఫోల్డర్‌లో సేవ్ ఫైల్ చెరిపేయాల్సి వచ్చింది. అయినా లైన్లో ఇంకొకడు మన పనీ అలాగే చెరిపేయొచ్చు.

ఆడాలనే ఉంటే స్టీమ్‌లో మీ అకౌంట్‌తోనే కొనండి. 14 రోజుల్లోపు, 2 గంటలు దాటకుండా ఆడితే రీఫండ్ ఇస్తారు, బయట కొన్న వాటికి ఇవ్వరు. ముఖం చెక్కుకోవడంలోనే గంట పోతుంది, అదీ లెక్కలోకే వస్తుంది కాబట్టి ఫ్రీగా ఇచ్చిన క్యారెక్టర్ క్రియేటర్‌లో ముందే చేసి పెట్టుకోండి. తర్వాత గేమ్ మొదట్లో వచ్చే మెల్వ్ ఊళ్లో ఎద్దుబండెక్కి నేరుగా వెర్న్‌వర్త్ పోయి బజార్లో తిరగండి. అక్కడ మీ పీసీ తట్టుకుంటేనే ఉంచుకోండి.

షాపువాడు బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడే వాడి వాట్సాప్ స్టేటస్ చూశా: 1,200కి దించాడు, "లిమిటెడ్ స్టాక్" అట.