అప్పుడప్పుడు ఫొటోలు తీసి సంపాదించేవారికి ఉద్యం రిజిస్ట్రేషన్: ఒక సమీక్ష

వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో పెళ్లిళ్లకో, బారసాలలకో, హోటళ్ల మెనూలకో ఫొటోలు తీసి డబ్బు తీసుకునేవారు తమ పనికి చట్టబద్ధమైన రూపం ఇవ్వాలనుకుంటే, మొదట చూడవలసింది కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) మంత్రిత్వ శాఖ అలాంటి సంస్థల నమోదుకు నడుపుతున్న ఉద్యం రిజిస్ట్రేషన్ పోర్టల్ అని నా దృఢమైన అభిప్రాయం. ఇందుకోసం కంపెనీ పెట్టనక్కరలేదు, భాగస్వామిని వెతకనక్కరలేదు. ఒక వ్యక్తి తన పాన్ మీదనే ప్రొప్రైటర్‌గా వ్యాపారం చేయడానికి మన చట్టం అనుమతిస్తుంది. కాకపోతే అలాంటి వ్యాపారం ఉన్నదని చూపే కాగితం దానంతట అదే చేతికి రాదు. ఆ లోటును ఉద్యం ధ్రువపత్రం తీరుస్తుంది.

2020 జులై 1న ఉద్యోగ్ ఆధార్ అనే పాత నమోదు స్థానంలో వచ్చిన ఈ నమోదుకు ఆధార్, దానికి జతచేసిన మొబైల్‌కు వచ్చే ఓటీపీ, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటే చాలు. పత్రాలేవీ అప్‌లోడ్ చేయవలసిన పని లేదు, రుసుము అసలే లేదు. కొత్తవారు తడబడేది చేసే పని ఏ రకానిదో తెలిపే ఎన్‌ఐసీ కోడ్ దగ్గర: సేవల విభాగంలో 7420 కింద ఫొటోగ్రఫీ పనులు ఉంటాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల రూపాయలు దాటని సంస్థలన్నీ సూక్ష్మ సంస్థలే కనుక, రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు ఉన్నవారు వర్గీకరణ గురించి ఆలోచించనక్కరలేదు.

ఒక్క హెచ్చరిక తప్పనిసరి. ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన ప్రైవేటు సైట్లు అనేకం ఇదే ఉచిత నమోదుకు డబ్బు వసూలు చేస్తున్నాయి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉన్నదో లేదో చూసిన తరువాతే ఆధార్ నంబరు ఇవ్వాలి.

ఈ ధ్రువపత్రం విలువ రెండు చోట్ల స్పష్టంగా తెలుస్తుంది. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరవడానికి బ్యాంకులు అడిగే ఆధారాల్లో ఇది చెల్లుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, నా దృష్టిలో ఈ సేవకు ప్రాణమైనది, బకాయిల రక్షణ. ఇలాంటి సంస్థల అభివృద్ధి కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం పని చేయించుకున్నవారు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా లెక్కగట్టే చక్రవడ్డీ చెల్లించాలి. ఫిర్యాదును ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. ఫొటోలు వాడుకుని బిల్లును నెలల తరబడి పక్కన పెట్టే సంస్థల దగ్గర ఒంటరి ఫొటోగ్రాఫర్‌కు ఇంతటి అండ మరొకటి లేదు. అందుకే పని ఒప్పుకోక ముందే నమోదు కావడం మంచిది.

అయితే ఉద్యం లైసెన్సు కాదు, పన్ను మినహాయింపు అంతకన్నా కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవల ద్వారా వచ్చే వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటేదాకా సాధారణంగా జీఎస్‌టీ నమోదు అవసరం లేదు కానీ, ఆదాయపు పన్ను రిటర్నులో మొదటి రూపాయి నుంచీ ఈ ఆదాయం చూపాలి. జీతం మాత్రమే ఉన్నవారు వేసే ఐటీఆర్-1 ఇక పనికిరాదు. ప్రభుత్వోద్యోగులు ప్రవర్తనా నియమావళిని, ప్రైవేటు ఉద్యోగులు తమ నియామక పత్రాన్ని ముందుగా చదువుకోవాలి. ఫొటోల హక్కుల విషయంలోనూ ఈ నమోదు సాయపడదు: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి కాపీరైట్ యజమాని అని 1957 చట్టం చెబుతుంది. అందువల్ల ప్రతి పనికీ చిన్న రాతపూర్వక ఒప్పందం విడిగా ఉండవలసిందే.

నమోదుకు ఏటా రెన్యూవల్ లేదు. పని మానుకున్నవారు అదే పోర్టల్‌లో రద్దు చేసుకోవచ్చు.